ఏ పరీక్షకు చదువుతున్నట్టు? సిక్కోలు, విజయనగరం ఇంటర్ విద్యార్థుల ముందున్న లెక్క

ఇంటర్ తర్వాత ఇంజినీరింగ్, వ్యవసాయ, ఫార్మసీ వంటి కోర్సుల్లో చేరడానికి రాసే ఆంధ్రప్రదేశ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్. దాని ఇంజినీరింగ్ విభాగంలో 160 ప్రశ్నలుంటాయి. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు ఇస్తారు, తప్పు గుర్తించినా మార్కు కోయరు. అంటే ప్రశ్న చదవకుండానే ఏదో ఒక జవాబును నొక్కుకుంటూ పోయినవాడికి కూడా సగటున 40 మార్కులు వస్తాయి. ర్యాంకు ఇవ్వడానికి పెట్టిన అర్హత 25 శాతం, అంటే అదీ సరిగ్గా 40 మార్కులే. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ కనీస నిబంధన కూడా లేదు. కాబట్టి జూన్‌లో ఫలితాలు వచ్చాక ఊళ్లో వినిపించే "మావాడు క్వాలిఫై అయ్యాడు" అన్న మాటలో సమాచారం దాదాపు ఏమీ లేదు. అసలు విషయమంతా ర్యాంకులో ఉంది, ఆ ర్యాంకు దేనివల్ల కదులుతుందన్న లెక్కలో ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రెండేళ్ల ఇంటర్ చదువును పూర్తిగా ప్రవేశ పరీక్షల చుట్టూ తిప్పుతున్న కుటుంబాల్లో ఈ లెక్కను కాగితం మీద వేసి చూసినవి తక్కువ.

ఎంపీసీ (గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల గ్రూపు) విద్యార్థి ముందు సాధారణంగా మూడు పరీక్షలు ఉంటాయి: ఇంటర్ బోర్డు పరీక్ష, ఈఏపీసెట్, ఎన్‌ఐటీల వంటి జాతీయ కళాశాలల ప్రవేశానికి జరిగే జేఈఈ మెయిన్. మూడింటిలోనూ అవే గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు ఉండటంతో ఒకదానికి చదివితే మిగతావాటికీ సరిపోతుందనే నమ్మకం బలపడింది. పాఠ్యాంశాల వరకు అది చాలావరకు నిజం. పరీక్ష రాసే తీరుకు వచ్చేసరికి నిజం కాదు. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 67 సెకన్లు. జేఈఈ మెయిన్‌లో అదే 180 నిమిషాల్లో 75 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 2 నిమిషాల 24 సెకన్లు. బోర్డు పరీక్షలో సోపానాలన్నీ రాసి చూపాలి. మొదటిది వేగాన్ని, రెండోది రెండు మూడు భావనలను కలిపి ఆలోచించే శక్తిని, మూడోది రాతలోని క్రమాన్ని కొలుస్తాయి. ఎన్ని గంటలు చదవాలన్న ప్రశ్నకు జవాబు వెతికే ముందు, ఈ మూడింటిలో ఈ పిల్లవాడికి ప్రధానమైనది ఏదన్నది తేలాలి. అది తేలకుండా పెట్టే టైంటేబుల్ ఎంత కఠినంగా ఉన్నా గురి లేకుండా విసిరిన రాయే.

ఈఏపీసెట్ తుది ర్యాంకులో ప్రవేశ పరీక్షకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం విలువ ఉంది. కోవిడ్ కారణంగా కొంతకాలం పక్కన పెట్టిన ఈ వెయిటేజీని 2023లో మళ్లీ తెచ్చారు. తెలంగాణ మాత్రం దాన్ని పూర్తిగా ఎత్తివేసింది. హైదరాబాద్ నుంచి వచ్చే వీడియో పాఠాల్లో "ఇంటర్ మార్కులు లెక్కలోకి రావు" అని విని, అది ఇక్కడికీ వర్తిస్తుందనుకునే ప్రమాదం ఉంది. ఇప్పుడు ఇద్దరు విద్యార్థులను ఊహించుకుందాం. ఒకరికి గ్రూపు సబ్జెక్టుల్లో 95 శాతం, మరొకరికి 80 శాతం వచ్చాయి. వెయిటేజీలో మొదటివారికి 23.75, రెండోవారికి 20, తేడా 3.75. ప్రవేశ పరీక్షలో ఒక మార్కు విలువ 75ను 160తో భాగిస్తే వచ్చే 0.47 మాత్రమే కాబట్టి, ఆ 3.75ను పూడ్చుకోవాలంటే రెండో విద్యార్థి అదనంగా 8 ప్రశ్నలకు సరైన జవాబులు గుర్తించాలి. ఇంటర్ పబ్లిక్ పరీక్షల ముందు నెల రోజులు కోచింగ్ మెటీరియల్ పక్కనపెట్టి తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు చదవడం కాలయాపన అనుకునేవారు ఈ 8 ప్రశ్నల మాట గుర్తుంచుకోవాలి. మధ్యస్థంగా చదివే విద్యార్థికి బోర్డు పరీక్షలో 15 శాతం పెంచుకోవడం అందనంత దూరంలో లేదు. అతడే ఈఏపీసెట్‌లో చివరి 8 కఠినమైన ప్రశ్నలు సాధించడం అంతకన్నా కష్టం.

ఇదే లెక్క మరోవైపు నుంచి కూడా పనిచేస్తుంది. సమయం చాలక 40 ప్రశ్నలను ఖాళీగా వదిలేసి వచ్చిన విద్యార్థి సగటున 10 మార్కులను బల్ల మీదే వదిలి వచ్చినట్టు. అందుకే ఈఏపీసెట్‌లో చివరి ఐదు నిమిషాలు కొత్త లెక్క మొదలుపెట్టడానికి కాదు, మిగిలిన ప్రతి ప్రశ్నకూ ఏదో ఒక జవాబు గుర్తించడానికి. జేఈఈ మెయిన్‌లో, వైద్య విద్య ప్రవేశ పరీక్ష అయిన నీట్‌లో పరిస్థితి వేరు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. నాలుగింటిలో ఒకదాన్ని గుడ్డిగా ఎంచుకుంటే సగటున పావు మార్కు లాభం ఉన్నట్టు లెక్క తేలుతుంది, కానీ ఆ పావు మార్కును నమ్ముకోవడానికి లేదు. ప్రశ్న తయారుచేసేవారు తప్పు జవాబులను ఊరికే పెట్టరు. సగం తెలిసినవాడు ఎక్కడ తప్పటడుగు వేస్తాడో అక్కడికి సరిగ్గా చేరే అంకెను ఒక జవాబుగా పెడతారు. అందువల్ల ఏమీ తెలియనివాడి ఊహ కన్నా సగం తెలిసినవాడి ఊహే ఎక్కువ నష్టం చేస్తుంది. రెండు జవాబులను కారణంతో సహా కొట్టేయగలిగితే మాత్రం సగటు లాభం ఒకటిన్నర మార్కులకు చేరుతుంది, అప్పుడు గుర్తించి తీరాలి. జేఈఈ మెయిన్‌లో ప్రతి సబ్జెక్టులోనూ జవాబులు ఇవ్వకుండా అంకె మాత్రమే రాయమనే ప్రశ్నలు ఐదేసి ఉంటాయి. వాటిలో ఊహకు చోటు లేదు.

జేఈఈ మెయిన్ గురించిన మరో అపోహ పర్సెంటైల్. 93 పర్సెంటైల్ వచ్చిందంటే నూటికి 93 మార్కులు వచ్చాయని కాదు. పరీక్ష రాసిన ప్రతి వందమందిలో 93 మంది అంతే మార్కులో, అంతకన్నా తక్కువో తెచ్చుకున్నారని. ఐఐటీ సీట్ల కోసం ఆ తర్వాత రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు జనరల్ కేటగిరీ కటాఫ్ 2024లోనూ 2025లోనూ 93 పర్సెంటైల్ దగ్గరే ఆగింది. అక్కడికి చేరడమంటే అడ్వాన్స్‌డ్ రాయడానికి అర్హులైన దాదాపు రెండున్నర లక్షల మందిలో ఒకరు కావడం మాత్రమే, ఐఐటీ సీటు కాదు. పైగా ఎన్‌ఐటీ, ఐఐటీ సీట్లకు ఇంటర్‌లో 75 శాతం మార్కులు గాని, బోర్డులో మొదటి 20 పర్సెంటైల్‌లో స్థానం గాని ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆ 75 శాతం 65కు తగ్గుతుంది. ఈఏపీసెట్ వెయిటేజీలో భాషా సబ్జెక్టుల మార్కులు కలవవు గాని ఈ 75 శాతంలో భాష కూడా ఉంటుంది. జేఈఈ పేరుతో ఇంగ్లిష్ పేపరును పక్కన పెట్టడం ఆ రకంగా జేఈఈకే అడ్డు.

ఈ రెండు జిల్లాల విషయంలో అసలు మొదటి మలుపు ఇంటర్‌లో కాదు, పదో తరగతిలో వస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలంలోని ట్రిపుల్ ఐటీ, అంటే 2016లో మొదలైన ఆర్జీయూకేటీ క్యాంపస్, పదో తరగతి మార్కుల ఆధారంగా ఆరేళ్ల చదువులో చేర్చుకుంటుంది. ఇంటర్‌తో సమానమైన రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ అక్కడే పూర్తవుతాయి. రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి 4 శాతం మార్కులు అదనంగా కలుపుతారు. అంటే జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివే పిల్లలకు పదో తరగతి పరీక్షే ఒక ప్రవేశ పరీక్ష, అదీ కోచింగ్ అక్కర్లేనిది. ఎనిమిదో తరగతి నుంచే "ఐఐటీ ఫౌండేషన్" పేరుతో డబ్బు పోసే ముందు, తొమ్మిది, పది తరగతుల పుస్తకాలను నిండుగా చదివించడం వల్ల తెరుచుకునే ఈ దారిని లెక్కలోకి తీసుకోవాలి. అక్కడ సీటు రానివారికీ ఆ చదువు వృథా కాదు: త్రికోణమితి, వర్గ సమీకరణాలు, రసాయన సమీకరణాల తుల్యం పదిలో గట్టిపడకపోతే ఇంటర్ మొదటి మూడు నెలలూ వాటిని తవ్వుకోవడంతోనే గడిచిపోతాయి.

ఇంటర్ కోసం పిల్లలను విశాఖపట్నానికో విజయవాడకో పంపి హాస్టల్లో పెట్టడం ఇక్కడ మర్యాదకు సంబంధించిన వ్యవహారంగా మారింది. ఆ కళాశాలలు నిజంగా ఏం ఇస్తున్నాయో విడదీసి చూస్తే, పాఠం చెప్పే తీరులో ఊళ్లోని ప్రభుత్వ జూనియర్ కళాశాల లెక్చరర్ కన్నా అక్కడివారు ప్రతిసారీ గొప్పవారేమీ కారు. అవి ఇచ్చేవి మూడు: తప్పించుకోలేని స్టడీ అవర్లు, వారం వారం పరీక్ష, ఆ పరీక్షలో తోటివారితో పోలిక. వీటిలో మొదటిది ఇంటి దగ్గర కూడా సాధ్యమే. రెండోదానికి పాత ప్రశ్నపత్రాలు, పరీక్షల అధికారిక వెబ్‌సైట్లలో ఉచితంగా దొరికే నమూనా పరీక్షలు సరిపోతాయి. మూడోది ఉపయోగం కన్నా హాని ఎక్కువ చేస్తుంది, ఎందుకంటే మార్కులను బట్టి సెక్షన్లుగా విడదీసిన చోట కింది సెక్షన్లలో పడ్డ పిల్లవాడికి తన తప్పులు కాక తన స్థానం మాత్రమే కనిపిస్తుంది. పై సెక్షన్ల కోసం తయారైన జేఈఈ ప్రణాళికను కింది సెక్షన్లకూ కాస్త పలుచన చేసి అంటగడితే, ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకోగల విద్యార్థి రెండింటికీ చెందకుండా పోతాడు.

ఆ కళాశాలల్లోనూ, ఇంటి దగ్గరా కూడా అరుదుగా జరిగే పని ఒకటుంది: రాసిన పరీక్షను విప్పి చూడటం. మూడు గంటల గ్రాండ్ టెస్టు రాసి, మార్కులు చూసుకుని, మర్నాడు మరో టెస్టుకు కూర్చునేవారు పరీక్షలు రాయడం మాత్రమే నేర్చుకుంటున్నారు. తప్పిన ప్రతి ప్రశ్న ఎందుకు తప్పిందో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే కొద్ది వారాల్లోనే ఒక ఆకారం బయటపడుతుంది. కొన్ని తప్పులు భావన తెలియక వస్తాయి; వాటికి మందు పాఠ్యపుస్తకం. కొన్ని సూత్రం గుర్తురాక వస్తాయి. వాటికి మందు కొన్ని రోజుల ఎడంతో మళ్లీ మళ్లీ చూడటం. కొన్ని గుణకారంలోనో గుర్తులోనో జారి వస్తాయి. వాటికి ఏ కోచింగూ పనికిరాదు, కాగితం మీద అంకెలను వరసగా రాసే అలవాటే కావాలి. చివరి రకం అన్నిటికన్నా ఖరీదైనది: జవాబు తెలిసి కూడా ఆ ప్రశ్న దాకా చేరకపోవడం. విద్యార్థి "నాకు ఫిజిక్స్ రాదు" అనుకుంటాడు, నోటుపుస్తకం చూస్తే ఫిజిక్స్‌లో తప్పినవాటిలో సగం సమయం చాలక వదిలేసినవై ఉండవచ్చు. అలాంటివాడికి ఫిజిక్స్ ట్యూషన్ పెట్టిస్తే జబ్బు ఒకటి, మందు ఒకటి అవుతుంది.

సమయాన్ని పంచుకోవడంలో ఒక ఉదాహరణ చాలు. ఈఏపీసెట్‌లో 80 ప్రశ్నలు గణితానివే, భౌతిక, రసాయన శాస్త్రాలకు నలభయ్యేసి. రసాయన శాస్త్రాన్ని 30 నిమిషాల్లో, భౌతిక శాస్త్రాన్ని 45 నిమిషాల్లో ముగించగలిగితే గణితానికి 105 నిమిషాలు మిగులుతాయి, ప్రశ్నకు దాదాపు 79 సెకన్లు. గణితంతో మొదలుపెట్టి ఒక సమాకలనం లెక్క దగ్గర ఆరు నిమిషాలు కూరుకుపోయిన విద్యార్థికి, చివర్లో చదివితే చాలు జవాబు తట్టే రసాయన శాస్త్ర ప్రశ్నలు అందకుండా పోతాయి. ఏ క్రమం మంచిదన్నది మనిషిని బట్టి మారుతుంది గాని, పరీక్ష గదిలో మొదటిసారి నిర్ణయించుకోవాల్సిన విషయం మాత్రం కాదు.

క్యాలెండర్ దగ్గరికి వస్తే ఉత్తరాంధ్రకు తన ఇబ్బందులు తనకున్నాయి. జేఈఈ మెయిన్ మొదటి విడత జనవరి నెలాఖరులో, అంటే సంక్రాంతి సెలవులు ముగిసీ ముగియగానే ఉంటుంది. ఆ తర్వాత ప్రాక్టికల్స్, ఫిబ్రవరి చివర లేదా మార్చిలో ఇంటర్ పరీక్షలు, ఏప్రిల్ మొదట్లో జేఈఈ రెండో విడత, మే నెలలో నీట్, ఈఏపీసెట్. అక్టోబరు తుపానుల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఈ ప్రాంతాన్ని ఎలా అతలాకుతలం చేశాయో ఉద్దానం పల్లెలకు చెప్పనక్కర్లేదు. కరెంటు, నెట్ లేని రోజుల్లో వీడియో పాఠాల మీదే ఆధారపడిన చదువు ఆగిపోతుంది. సంవత్సర ప్రణాళికలో అక్టోబరుకు పది రోజుల ఖాళీ ఉంచడం, అచ్చు పుస్తకాలను దగ్గర పెట్టుకోవడం ఇక్కడ దూరదృష్టి కాదు, కనీస జాగ్రత్త.

అన్నిటికన్నా విలువైన కాలం ఇంటర్ పరీక్షలు ముగిసిన రోజుకూ ఈఏపీసెట్‌కూ నడుమ వచ్చే విరామం. 2025లో ఇంటర్ పరీక్షలు మార్చి మూడో వారంలో ముగిశాయి, ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పరీక్షలు మే 21న మొదలయ్యాయి. రెండు నెలలు. నగరాల్లో దీన్ని "క్రాష్ కోర్సు" అని అమ్ముతారు. పల్లెల్లో అదే కాలం జీడితోటల్లో పిక్కలు ఏరే రోజులు, పెళ్లిళ్ల రోజులు, పరీక్షలు అయిపోయాయి కదా అని పిల్లలను పనికి పిలిచే రోజులు. ప్రభుత్వ కళాశాలలో చదివిన విద్యార్థి హాస్టల్ విద్యార్థితో సమానంగా నిలబడే అవకాశం ఏడాది మొత్తంలో ఉన్నది ఇక్కడే, ఎందుకంటే ఆ సమయంలో ఇద్దరికీ తరగతులు లేవు, సిలబస్ పూర్తయింది, మిగిలింది సాధన మాత్రమే. రోజు విడిచి రోజు ఒక పూర్తి పరీక్ష, మధ్య రోజున ఆ పరీక్ష విశ్లేషణ అనుకుంటే పాతిక పరీక్షలకు పైగా రాయవచ్చు. తల్లిదండ్రులు చేయగల సాయం ఫీజు కట్టడం కన్నా ఈ రెండు నెలలూ ఉదయం మూడు గంటలు పిల్లలను ఏ పనికీ పిలవకుండా ఉండటమే.

భాష గురించి విడిగా చెప్పాలి. ఈఏపీసెట్ ప్రశ్నలు ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ ఉంటాయి. నీట్, జేఈఈ మెయిన్ పరీక్షలను తెలుగుతో కలిపి 13 భాషల్లో రాయవచ్చు. జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే. అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లిష్ పాఠమే ప్రమాణమని నీట్, జేఈఈ నిబంధనలు చెబుతాయి. "జడత్వ భ్రామకం", "ద్రవ్యవేగం" అని తెలుగు పుస్తకంలో నేర్చుకున్నవారికి మూమెంట్ ఆఫ్ ఇనర్షియా, మొమెంటమ్ అన్నవి అవేనని తట్టడానికి పట్టే రెండు మూడు సెకన్లు 67 సెకన్ల ప్రశ్నలో చిన్నవి కావు. తెలుగు మాధ్యమంలో చదవడం లోపం కాదు; భావన తెలుగులోనే గట్టిగా నాటుకుంటే అదే మేలు. కాని ప్రతి అధ్యాయం చివర రెండు భాషల పారిభాషిక పదాలను పక్కపక్కన రాసుకున్న ఒక పేజీ ఉండాలి.

బైపీసీ (జీవశాస్త్ర గ్రూపు) వారి సంగతి కొంత వేరు. వైద్య విద్యకు ఈఏపీసెట్‌తో సంబంధం తెగి చాలా కాలమైంది. వీరికి ఆ పరీక్ష ఇప్పుడు వ్యవసాయ, ఫార్మసీ వంటి కోర్సులకే పరిమితం. నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు, అందులో 90 జీవశాస్త్రానివి. ఆ 90 ఎన్‌సీఈఆర్‌టీ (జాతీయ స్థాయి పాఠ్యపుస్తకాల సంస్థ) పుస్తకంలోని వాక్యాలకు చాలా దగ్గరగా ఉంటాయి. రాష్ట్ర ఇంటర్ పాఠ్యపుస్తకాలకూ ఎన్‌సీఈఆర్‌టీకీ ఉన్న ఎడం వల్ల ఇన్నాళ్లూ విద్యార్థులు రెండు పుస్తకాలు మోశారు. 2025-26 నుంచి ఇంటర్ మొదటి సంవత్సరంలో ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యాంశాలు రావడంతో ఆ భారం తగ్గాలి. శ్రీకాకుళంలోనూ, 2023లో తరగతులు మొదలైన విజయనగరంలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉండటం ఆశ పెంచుతుంది గాని, ఏళ్ల తరబడి లాంగ్ టర్మ్ కోచింగ్‌లో ఉండిపోయే ముందు మొదటి ప్రయత్నంలో జీవశాస్త్రంలో ఎన్ని వచ్చాయో, ఫిజిక్స్‌లో ఎన్ని వచ్చాయో విడివిడిగా చూడాలి. జీవశాస్త్రంలోనే వెనకబడినవారికి ఇంకో ఏడాది చాలావరకు ఫలిస్తుంది, అది చదివితే వచ్చేది కాబట్టి. ఫిజిక్స్‌లో లెక్క కట్టడమే రానివారు అదే మెటీరియల్‌తో మరో ఏడాది కూర్చున్నంత మాత్రాన మార్పు రాదు.

నీట్ కాగితం మీద, ఈఏపీసెట్, జేఈఈ మెయిన్ కంప్యూటర్ మీద. నీట్ జవాబు పత్రంలో 180 గడులు దిద్దడానికి పట్టే సమయాన్ని లెక్కలో వేసుకోనివారు చివర్లో తడబడతారు. మౌస్ పట్టని చేతికి తెరపై కనిపించే అంకెల పలకతో జవాబు కొట్టడమూ అంతే ఇబ్బంది. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్లకు పైగా దూరం. ఉదయం 9 గంటల పరీక్షకు కేంద్రం అక్కడ పడితే తెల్లవారుజామున బయలుదేరడం కన్నా ముందు రోజు రాత్రికే చేరడం మేలు.

ఇంజినీరింగ్, వైద్యం కాకుండా డిగ్రీ వైపు చూసేవారికి 2022లో మొదలైన సీయూఈటీ ఉంది. విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం సహా కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ ప్రవేశాలకు అదే దారి. కాకపోతే దానికి దరఖాస్తు చేసుకోవాల్సిన రోజులు ఇంటర్ పరీక్షల హడావిడిలో వచ్చి పోతాయి. ఇంటి పక్కనున్న విశ్వవిద్యాలయానికి ప్రవేశ పరీక్ష ఉందన్న సంగతి గడువు దాటాక తెలుసుకోవడం విచారకరం.

ర్యాంకు వచ్చాక కూడా సీటును మార్చే అంశం ఒకటి మిగులుతుంది, అది స్థానికత. కన్వీనర్ కోటా, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో 85 శాతం ఆయా విశ్వవిద్యాలయ ప్రాంత స్థానికులకే. ఈ రెండు జిల్లాలూ ఆంధ్రా విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వస్తాయి. అర్హత పరీక్షతో (అంటే ఇంటర్‌తో) ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదే సాధారణంగా దానికి కొలత. ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు కుటుంబాలు దగ్గరని పిల్లలను ఒడిశాలోని బరంపురంలోనో పర్లాకిమిడిలోనో చదివించే ముందూ, వలస వెళ్లినవారు పిల్లలను ఇంటర్‌కు మాత్రమే ఊరికి పంపే ముందూ ఈ నిబంధనను ఒకసారి చదువుకోవాలి. కౌన్సెలింగ్‌లో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బడులు ఏప్రిల్‌లో వేసవి సెలవులకు మూసేస్తారు కాబట్టి, వాటిని మార్చిలోనే తెచ్చి పెట్టుకున్నవారికి జూన్‌లో ప్రధానోపాధ్యాయుడి కోసం తిరగాల్సిన పని ఉండదు.